నీళ్ల పొయ్యిలో పెట్టిన కత్తి

నా వయసు ఆడమనిషి తాళాల గుత్తికి కత్తి వేలాడదీసుకుని తిరగడమేమిటని మా ఇంట్లో అందరికీ నవ్వులాట. నవ్వుకోనీ, నాకేం? కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె విప్పాలన్నా, పాలపాకెట్ మూల కోయాలన్నా, బస్సులో జామకాయ ముక్కలు చేయాలన్నా చివరికి అందరూ నా దగ్గరికే వస్తారు. పోయినసారి విమానం ఎక్కబోతుంటే తనిఖీ దగ్గర ఒక అమ్మాయి నా గుత్తి పైకెత్తి చూసి, "ఇది లోపలికి రాదమ్మా" అని కత్తిని ఊడదీసి డబ్బాలో పడేసింది. చిటికెనవేలంత కత్తి! దానితో నేను ఎవరిని పొడుస్తానని? ఆ రోజు నుంచి సంచిలో చేయి పెట్టినప్పుడల్లా గుత్తి తేలిగ్గా తగిలి, నాకు తిక్కగా ఉండేది.

మొన్న మనవరాలు నన్ను అరకు తీసుకెళ్లింది. రైలు దిగి, కాఫీ తాగి, బజారులో నడుస్తుంటే ఒక బడ్డీలో వెదురు బొమ్మల పక్కన అట్టకి గుచ్చిన బుల్లి కత్తులు కనిపించాయి. ఆగిపోయాను. మనవరాలు తల పట్టుకుంది, ఎందుకంటే కత్తి ఎంచడంలో నా చాదస్తం దానికి తెలుసు. మడత విప్పడానికి గోరు ఆనే గాడి ఉండాలి. విప్పాక అటూ ఇటూ ఊగకూడదు. ముడిచేటప్పుడు దభీమని వేలి మీద పడకూడదు. కోసే అలుగు నా బొటనవేలికన్నా పొడవు అక్కర్లేదు. ఇంట్లో సానరాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే పదును తిరిగి రావాలి. టార్చిలైటూ, సీసా మూత తీసేదీ, పళ్లు కుట్టుకునే పుల్లా అన్నీ ఇరికించింది నాకొద్దు, అది కత్తి కాదు, సంసారం.

బడ్డీ ఆవిడ ఓపిగ్గా పదీ పన్నెండు తీసి పరిచింది. చివరికి ఒకటి విప్పి నా చేతిలో పెట్టింది. "ఇది తీసుకోండమ్మా, టూరిస్టులందరూ ఇదే కొంటన్నారు."

అలుగంతా నీలం, మధ్యలో ఊదా, అంచున బంగారం రంగు. "అబ్బ, ఎంత బావుందో అమ్మమ్మా!" అంది మనవరాలు. అప్పటికే ఫోనులో వెతికేసింది. "నాలుగున్నర స్టార్లు కూడా ఉన్నాయి."

నేను కాలినట్టు కింద పెట్టేశాను. "నాకీ రంగు వద్దు" అన్నాను. "రంగుకేటయిందమ్మా, కంపెనీ రంగు, పోదు" అంది బడ్డీ ఆవిడ. ఏమైందని చెప్పను? కర్ర పిడి ఉన్న సాదా కత్తి ఒకటి ఏరుకుని డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ నీలం మాత్రం రోజంతా కళ్ల ముందు నుంచి పోలేదు. అలాంటి రంగు కత్తి మీద నేను ఒక్కసారే చూశాను. నా చేత్తో నేనే తెప్పించాను. అప్పుడు నాకు పదేళ్లు.

మేం ఉన్నది ఆ కొండల్లోనే, వారానికోసారి సంత జరిగే ఊళ్లో. నాన్న మైదానం నుంచి కొండెక్కి వచ్చి కొట్టు పెట్టుకున్నాడు. సరుకు సాలూరు నుంచి లారీలో వచ్చేది. ఉప్పు బస్తాలు, ఎండుచేపలు, కిరసనాయిలు, పొగాకు కట్టలు, బెల్లం దిమ్మలు, పూసల దండలు, ఇవన్నీ కలిసి మా కొట్టుకొక వాసన ఉండేది. నా గౌన్లకీ అదే వాసన. బడిలో పిల్లలు నన్ను "ఎండుచేప" అనేవాళ్లు. కొండవాళ్లకి నాన్న "సావుకారు", ఆయన పిల్లని కాబట్టి నేను "సావుకారి గుంట".

సంత రోజు వస్తే నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. తెల్లారేసరికి కొండదారుల వెంట మనుషులు వరసగా దిగేవారు. నెత్తి మీద చింతపండు, పసుపు, కొండచీపుర్లు, అడ్డాకు మోపులు. మధ్యాహ్నానికి ఆ మట్టీ, పసుపు పొడీ, చుట్టల పొగా, ఇప్పసారా వాసనా కలిసిపోయి తల దిమ్ముగా ఉండేది. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లోపలే ఉండేది. నేను వాకిట్లోంచి జారుకునేదాన్ని.

జారుకుని వెళ్లేది కమ్మరి తాత దగ్గరికి. కల్వర్టు పక్కన గోనె పరిచి కొడవళ్లు, గొడ్డళ్లు, చిన్న కత్తులు పెట్టుకుని కూర్చునేవాడు. పక్కన తోలు తిత్తి, గుప్పెడు బొగ్గులు, మట్టి ముంతలో నీళ్లు. ఆయన మనవరాలు నా ఈడుది. తిత్తి ఒత్తేది, ఖాళీ దొరికితే అడ్డాకులు విస్తర్లుగా కుట్టేది. మా స్నేహం బెల్లంతో మొదలైంది. నేను కొట్లోంచి బెల్లంముక్క కొట్టేసి తెస్తే అది ఆనపకాయ బుర్రలోంచి చోడి అంబలి, అంటే రాగి జావ, పోసేది. పుల్లగా, చల్లగా, కాస్త పొగ వాసనతో ఉండేది ఆ అంబలి. అమ్మ చేసిన పాయసం కూడా నాకు అంత రుచిగా ఉండేది కాదు.

తాత దగ్గర కత్తి కొనడం చూసి తీరాలి. బేరగాడు వచ్చి మెరిసేది ఏరబోతే ఒప్పుకునేవాడు కాదు. "కంటితో సూత్తావేటిరా? సెయ్యి సాపు" అనేవాడు. చాపిన అరచేతిలో ఒక్కొక్క కత్తీ పెట్టి, తన చేత్తో వాడి వేళ్లు మూసి, పిడి ఎంత మిగిలిందో, బొటనవేలు ఎక్కడ ఆనిందో చూసేవాడు. సరిపోని కత్తి ఎంత బతిమాలినా ఇచ్చేవాడు కాదు. సరిపోయినదాన్ని ఇస్తూ ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవాడు. "ఇది వొంగితే తెచ్చి నా వొళ్లో పడేయ్. ఇంకోటి ఊరికే సేసిత్తాను." అలా ఒళ్లో పడేసినవాడు ఒక్కడూ లేడని ఆ చుట్టుపక్కల కొండలన్నిట్లో పేరు.

నా స్నేహితురాలి మొలకీ ఒక కత్తి ఉండేది, వెదురు ఒరలో. నా వేలంత అలుగు. దాంతో అడ్డాకు కాడలు కోసేది, విస్తరి కుట్టే పుల్లలు చీల్చేది, గోళ్లు తీసుకునేది, కాల్లో ముల్లు తీసేది. ఆ కత్తి మీద నాకెంత ఆశ! ఇంట్లో అడిగితే అమ్మ ఎగిరిపడింది. "ఆడగుంటవి, మొలకి కత్తేటే? కత్తిపీట ముందు కూకోడం నేర్సుకో ముందు!"

పెరట్లో పనసకాయ పండి వాసనలు కొడుతున్న వారం అది. మా ఇంట్లో పనసకాయ కోసే హక్కు నాన్నకే ఉండేది, అదీ ఆయనకి తీరినప్పుడు. ఈసారి నేనే కోస్తానని పంతం పట్టాను. ఆ సంతలో నా స్నేహితురాలి గెడ్డం పట్టుకుని బతిమాలాను. అది చాలాసేపు ఆలోచించి మొలలోంచి కత్తి తీసింది. "వొచ్చే సంతకి తెచ్చీ. మరిసిపోకేం. అది నేకపోతే ఆకులకెల్లడానికవదు నాకు" అంది.

మర్నాడు కట్టెల పాక వెనక కూర్చుని పనసకాయ సగం కోశాను. కోసే ముందు కత్తికీ చేతులకీ నూనె రాసుకోవాలని నాకేం తెలుసు? జిగురు కత్తికి పట్టింది, వేళ్లకి పట్టింది, జుట్టుకి పట్టింది. నీళ్లు పోస్తే పోలేదు, బూడిద వేస్తే ఇంకా ముద్ద కట్టింది. లోపల్నించి అమ్మ కేకేస్తోంది, "ఎక్కడ సచ్చినావే, బేగి రా!" నాకు ఏడుపొచ్చింది. అప్పుడు తాత గుర్తొచ్చాడు. తుప్పు కొడవలి నిప్పుల్లో పెట్టి తీస్తే శుభ్రంగా వచ్చేది కదా! ఇంకేం, స్నానాలకి నీళ్లు కాగే పొయ్యిలో కత్తి అలుగుని దూర్చేశాను. జిగురు బుసబుసమని మండింది. అలుగు ఎర్రబడేదాకా ఉంచి, పటకారుతో తీసి, గోడ మీద పెట్టి చల్లారనిచ్చాను.

చల్లారాక చూస్తే మొన బూడిద రంగు, పిడి వైపు వచ్చేసరికి నీలం, ఊదా, పసుపు. నేను మురిసిపోయాను. పాడు చేశానని కాదు, కత్తిని ఇంకా అందంగా చేశాననుకున్నాను! కాసేపు ఎండలో తిప్పి తిప్పి చూసుకుని, అది అడిగితే ఏం చెప్పాలో తెలియక ఇటుకపొడి పెట్టి తోమి ఆ రంగులన్నీ పోగొట్టాను. వచ్చే సంతకి తిరిగిచ్చేశాను. ఎదురు బెల్లం కూడా పెట్టాను.

ఆ పై సంతకి నేను వెళ్లేసరికి తాత చుట్టూ గుంపు. నా స్నేహితురాలు ముఖం ముడుచుకుని నిలబడి ఉంది. ఆ పొద్దున సంతకి వస్తూ దారిలో అడ్డతీగ కొయ్యబోతే కత్తి తోటకూర కాడలా వంగిపోయిందట. తెచ్చి అందరి ముందూ తాత ఒళ్లో పడేసింది. దానికి తెలీదు కదా, మాట ప్రకారం చేసింది. తాత కత్తిని వేలితో వంచాడు. వంగింది. తిరిగి వంచాడు. వంగింది. పక్కవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు.

"తాత సెయ్యి పడిపోనాదిరో!" అన్నాడొకడు. "సొంత మనవరాలికే రేకుముక్క ఇచ్చినాడు, మనకేటిత్తాడు?" అన్నాడు ఇంకొకడు. తాత ఎవరి మీదా కోప్పడలేదు. "నా సెయ్యే తప్పినాది" అని మాత్రం అన్నాడు.

ఏమైందో నాకు తెలియకపోయినా, చేసింది మాత్రం నేనేనని తెలిసిపోయింది. ఆ మధ్యాహ్నం నలుగురైదుగురు తాత దగ్గర్నుంచి లేచి మా కొట్టుకి వచ్చారు. నాన్న కొత్తగా తెప్పించిన మడత కత్తులు అట్టకి గుచ్చి మేకుకి వేలాడుతున్నాయి. మెరుగుబెట్టినవి, కొసన రింగు ఉన్నవి. సాయంత్రానికి అట్ట సగం ఖాళీ అయింది.

దీపాలు పెట్టే వేళకి నాన్న దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. పనసకాయ, జిగురు, నీళ్ల పొయ్యి. నాన్న తక్కెడ తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

"ఎవరికైనా సెప్పినావా?"

"నేదు నాన్నా."

"అయితే నోర్మూసుకో. ఆ ముసలోడి కత్తులు ఆడివి, మన సరుకు మనది. ఎల్లి అన్నం తిను."

అబద్ధం ఎందుకు చెప్పాలి? నాన్న ఆ మాట అన్నందుకు నాకు హాయిగా అనిపించింది. పెద్దవాళ్లు ఊరుకోమన్నారు, ఇక నా తప్పేం లేదనుకున్నాను. ఆ రాత్రి శుభ్రంగా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఆ అన్నం సంగతి తలుచుకుంటే నాకు ఈ రోజుకీ సిగ్గేస్తుంది.

పై సంతకి తాత దగ్గర బేరగాళ్లు లేరు. దూరం నుంచే చూద్దామని చీపుర్ల వాళ్ల చాటున నిలబడ్డాను. తాత ముందు కొత్త కత్తులు వరసగా ఉన్నాయి. ఒకటి తీశాడు, మొన రాయి సందులో పెట్టి బలంగా వంచాడు. ఠప్పుమని విరిగింది. విరిగినచోటు కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు, గోరుతో గీశాడు, తల అడ్డంగా ఊపాడు. ఇంకొకటి తీశాడు. అదీ విరిచాడు. తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటున్నాడు. బంగారంలాంటి కత్తులు, ఏ తప్పూ లేనివి! మూడోది విరిచాక నా స్నేహితురాలు ఆయన చేయి పట్టుకుంది. "ఇంకొద్దు తాతా, ఇంకొద్దు." ఆయన చేయి విడిపించుకుని నాలుగోది అందుకున్నాడు.

నేను పరిగెత్తాను. "విరవొద్దు తాతా! నేనే! పొయ్యిలో పెట్టింది నేనే!" అని అరిచాను. సంతలో సగం మంది తిరిగి చూశారు.

తాతకి ముందు అర్థం కాలేదు. "ఏ పొయ్యే?" అన్నాడు. ఏడుస్తూ చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన ముందుకి వంగి, రోగం సంగతి అడిగే వైద్యుడిలా ఒక్కొక్కటీ అడిగాడు. ఎర్రగా అయినాదా? అయింది. ఎంతసేపుంచినావు? జిగురు పోయేదాకా. తీసి నీళ్లల్లో ముంచినావా? లేదు, గోడ మీద పెట్టాను.

తాత గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలాడు. "అదీ! సల్లారబెట్టీసినావు. నీళ్లు తాగించకపోతే ఇనుము మెత్తబడిపోద్దే గుంటా" అన్నాడు. తిరిగి మనవరాలితో, "తిత్తి ఒత్తు" అన్నాడు. వంగిన కత్తిని తిన్నగా కొట్టి, ఎర్రగా కాల్చి ముంతలో ముంచాడు. సుయ్యిమంది. రాతి మీద రుద్ది వేలితో మీటితే ఖంగుమంది. ఒక చుట్ట సగం కాలేంత సేపు కూడా పట్టలేదు.

నా స్నేహితురాలు కత్తిని ఒరలో పెట్టుకుంది. నా వైపు చూడలేదు. విరిగిన మూడు కత్తుల ముక్కలూ గోనె మీద నుంచి ఏరుతూ, "బేగి సెప్పుంటే ఇవి మిగిలేవి" అంది.

"వొచ్చే సంతకి ఇక్కడ నా పక్కన కూకో" అన్నాడు తాత నాతో. "వొచ్చినోడికల్లా ఇదే మాట నువ్వే సెప్పు. నాను సెప్తే ఎవుడు నమ్ముతాడు? ముసలోడు బొంకుతున్నాడంతారు."

ఇంట్లో అమ్మ నన్ను వాయించి పారేసింది. సావుకారు కూతురు సంతలో గోనె మీద కూర్చోవడమా! వారమంతా అదే గొడవ. సంతనాడు పొద్దున్న అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడితే, నాన్న తల ఎత్తకుండానే "ఎల్లనీ" అన్నాడు.

కూర్చున్నాను. మొదటివాడికి రెండు ముక్కల్లో గబగబా చెప్పేశాను. రెండోవాడికి చెప్పేసరికి తాత అందించాడు, "జుట్టుకి జిగురంటిన ముక్క మరిసిపోనావు." పదోవాడికల్లా నాకు రుచి తెలిసింది. అమ్మ కేకని అమ్మ గొంతుతోనే చెప్పాను. జిగురు బుసబుసని చేత్తో చూపించాను. పకపకా నవ్వేవాళ్లు. విన్నవాళ్లు వెళ్లి ఇంకొకర్ని పిలుచుకొచ్చేవాళ్లు. "సావుకారి గుంటా, మళ్లీ సెప్పు!" అనేవారు. నా స్నేహితురాలు మధ్యాహ్నం దాకా పలకలేదు. అప్పుడు అంబలి బుర్ర నా వైపు జరిపింది, అంతే. కత్తులు కొన్ని అమ్ముడుపోయాయి. మునుపట్లా కాదు గానీ, పోయాయి.

ఒక్క ముక్క మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. నాన్నకి ముందే చెప్పానన్నది. అది చెప్పకూడదని నాకు ఎవరూ నేర్పలేదు. నా అంతట నేనే దాటేశాను.

పొద్దు వాలుతుండగా గుంపు వెనక నాన్న కనిపించాడు. కొట్టు వదిలి సంతలోకి ఆయన రావడం నేనెప్పుడూ చూడలేదు. జనం దారిచ్చారు. ఆయన వచ్చి గోనె ముందు నిలబడ్డాడు.

"వొచ్చినోడికల్లా సెప్పమన్నాను గదా" అన్నాడు తాత నాతో. "సెప్పు."

మా నాన్నకి, తెలియనివాడికి చెప్పినట్టు మొదటి నుంచీ చెప్పాను. పనసకాయ దగ్గర్నుంచి, విరిగిన మూడు కత్తుల దాకా. ఈసారి ఎవరి గొంతూ అనుకరించలేదు. ఆయన ఎక్కడా అడ్డురాకుండా చేతులు కట్టుకుని విన్నాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే నాన్నా."

నాన్న తాత వైపు తిరిగాడు. "అంతే కాదు తాతా" అన్నాడు. ఆయన ఆ ముసలాయన్ని తాతా అనడం నేను వినడం అదే మొదలు. "కత్తి వొంగిన నాడే ఈ గుంట నాకు సెప్పినాది. నోర్మూసుకోమన్నది నేనే. నా కొట్లో కత్తులు అమ్ముడుపోతన్నాయి గదా అనీసి."

పక్కన చీపుర్ల బేరం సాగుతూనే ఉంది. నాకు తల ఎత్తి చూడ్డానికి భయమేసింది. తాత ఆరిన చుట్ట నోట్లోంచి తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"సర్లే సావుకారూ" అన్నాడు. "కూకో. సెయ్యి సాపు."

నాన్న పంచె ఎగ్గట్టి, ఆ దుమ్ములో, తన కొట్లో అరువడిగే మనుషుల మధ్య గొంతుక్కూర్చున్నాడు. తాత ఒక్కొక్క కత్తీ ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి చూసి, తీసేశాడు. ఆయన తొందరపెట్టలేదు. చివరికి వేలంత కత్తి ఒకటి కుదిరింది. కొట్టు తాళాల గుత్తికి తగిలించుకోవడానికి పిడి చివర కన్నం పెట్టించుకున్నాడు.

అందరం ఎప్పుడో ఆ కొండ దిగి వచ్చేశాం. నాన్న పోయీ చాలా ఏళ్లయింది. ఆయన గురించి నాకు ఫిర్యాదులు లేవని కాదు, చాలానే ఉన్నాయి. బేరం దగ్గర గట్టివాడు, ఇంట్లో మాట కరుకు. కానీ ఆ రోజు నేను ఆయన్ని కాపాడాననీ, తను పలక్కుండా వెళ్లిపోతే ఎవరికీ తెలియదనీ ఆయనకి బాగా తెలుసు. పదేళ్ల కూతురు దాచిపెట్టిన ఆ ఒక్క ముక్కనీ, ఊరందరి ముందూ ఆయనే చెప్పేశాడు.